వేలికి తగలని మచ్చలు

నాకు నోరెక్కువ. ఇది నేను గొప్పకు చెప్పుకునే మాట కాదు. పుట్టింట్లో మా అమ్మ అన్నది, అత్తింట్లో మా అత్త అన్నది, మా ఆయన నవ్వుతూనే రోజుకోసారి అనేవాడు. ఆ నోటితో నేను చేసిన పని ఒకటుంది. దాన్ని కాగితం మీద పెట్టడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందని అడిగితే సిగ్గేసింది అని చెప్తాను. అంతకంటే పెద్ద మాటేదీ నా దగ్గర లేదు.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్త. జడ్చర్ల సడక్ దిగి రెండు క్రోసులు లోపలికి నడిస్తే మా ఊరు. ఆ ఏడు మా చెలకలో ఆముదం బాగా పండింది. గెలలు కోసుకున్నాక కట్టెను కొడవలితో ఏటవాలుగా నరికి పొయ్యి కిందికి తెచ్చుకుంటాం. మొదళ్ళు భూమిలోనే ఉండిపోతాయి. వాటిని తవ్వి తీసేదాకా చెలకలో ఒళ్లు దగ్గర పెట్టుకుని నడవాలి, ఎండిన మోడు అంత వాడిగా ఉంటుంది. మా ఆయన చెప్పు తెగి వారం దాటింది. కుట్టించుకోవయ్యా అని పొద్దున లేస్తే అదే నస పెట్టేదాన్ని. "రేపు కుట్టిస్త తియ్" అనేవాడు. ఆయన రేపు ఎప్పుడూ రేపే.

మోళ్ళు తవ్వుతూ తవ్వుతూ ఒకదాని మీద అడుగు వేశాడు. అరికాలి నడుమ దిగింది. తనే లాగేసుకుని, గుప్పెడు మట్టి అద్ది, పని సగంలో ఆపకుండా అంతా తవ్వి, పొద్దుగూకే వేళకు కుంటుకుంటూ ఇంటికొచ్చాడు. చూడగానే నాకు ఒళ్లు మండింది.

"కండ్లు నెత్తి మీద పెట్టుకొని నడుస్తున్నవా?" అన్నాను.

"నెత్తి మీద పెట్టుకుంటె కాలికెందుకు గుచ్చుకుంటది, నెత్తికే గుచ్చుకుంటుండె" అన్నాడు.

ఆయనతో ఎప్పుడూ అంతే, కోపం రెండు నిమిషాలు నిలవనిచ్చేవాడు కాదు. ఆముదం కాచి, పసుపు వేసి, దూది ముంచి గాయం మీద పెట్టి గుడ్డ కట్టాను. మా ఇళ్లల్లో ముల్లు గుచ్చుకున్నా మోడు గుచ్చుకున్నా అదే వైద్యం, నూటికి తొంభైసార్లు దానితోనే మానేది.

అప్పుడు ఇంట్లో మేమిద్దరమే. పెళ్లై మూడేళ్లు, పిల్లలు ఇంకా లేరు. మా మామ నేను కాపురానికి రాకముందే పోయాడు. మా అత్త అచ్చంపేట అవతల ఉన్న కూతురికి రెండో కాన్పని వెళ్లి పది రోజులైంది. మా అత్త గురించి ఒక మాట చెప్పాలి. ఆమె ముఖం నిండా అమ్మవారు పోసిన గుంటలు. చిన్నప్పుడు చావు తప్పి బయటపడిందట. మా దిక్కు మశూచిని రోగం అనరు, తల్లి పోసింది అంటారు, పోచమ్మ వచ్చి ఒంట్లో కూర్చుందని నమ్ముతారు. మా ఆయన ముఖం మాత్రం నున్నగా ఉండేది. ఎడమ చెవి వెనక, జుట్టులో, రెండే రెండు చిన్న గుంటలు. పెళ్లైన కొత్తలో తలకు నూనె పెడుతూ ఇవేంటివని అడిగాను.

"చిన్నప్పుడు కోడి పొడిచింది" అన్నాడు.

"కోడికి నీ చెవే దొరికిందా?"

"దానికి నా చెవు దొరికింది, నీకు నేను మొత్తం దొరికిన" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. మళ్లీ అడగలేదు.

మూడు రోజులకు గాయం పైన మూసుకుంది. నేను సంబరపడ్డాను. నాలుగో రోజు పొద్దున పాదం బూరెలా ఉబ్బి, మీద చర్మం మెరుస్తోంది. మధ్యాహ్నానికి వణుకు పట్టింది. రెండు గొంగళ్లు కప్పినా పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. గజ్జలో బిళ్ళ కట్టింది. మడమ పైనుంచి ఒక ఎర్రటి గీత పిక్క మీదుగా పైకి పోతోంది. పక్కింటి ఆయనను నేను మామా అని పిలిచేదాన్ని. ఆయనే నడుచుకుంటూ పోయి కంపౌండరును తీసుకొచ్చాడు, వచ్చేటప్పుడు అచ్చంపేట బస్సు మీద మా అత్తకు కబురు కూడా పంపాడు.

కంపౌండరు సన్నటి మనిషి, సైకిల్ మీద ఊళ్లు తిరిగేవాడు. గట్టిగా మాట్లాడటం ఆయనకు రాదు. గాజు సిరంజిని, సూదిని చిన్న రేకుపెట్టెలో మరగబెట్టి, మూసుకున్న గాయాన్ని బ్లేడుతో తెరిచాడు. చీము చిమ్మింది. తర్వాత పెన్సిలిన్ కలిపి నడుముకు సూది వేశాడు.

"చెల్లే, పైన మూసుకున్నది గని లోపల కుళ్లింది" అన్నాడు. "గా విషం నెత్తుర్ల కలుస్తాంది. పొద్దుగాల ఒకటి, మాపటికొకటి, ఐదు దినాలు సూది ఇయ్యాలె. నడుమ ఆపొద్దు. దమ్ము ఎక్కువైనా, మాటలు అడ్డదిడ్డమైనా, మూత్రం తగ్గినా నా కోసం సూడకుండ్రి. సీదా పాలమూరు దవాఖానకు తీసుకపోండ్రి."

నేను తలూపాను. చెవులతో విన్నాను గానీ మనసులో పెట్టుకోలేదు. జ్వరం కదా, సూది పడింది కదా, దిగుతుంది అనుకున్నాను. రెండో రోజు కూడా రెండు పూటలా వచ్చి వేసి పోయాడు. ఆ సాయంత్రం మా ఆయన రెండు బుక్కల గట్క తిన్నాడు. "సూది వేసేటప్పుడు కంపౌండరే భయపడుతున్నడే" అని వెక్కిరించాడు కూడా.

మూడో రోజు తెల్లారి లేచి ఒంటి మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. నుదురు చల్లగా, చేతులు చల్లగా, ఒళ్లంతా చెమట. అమ్మయ్య, జ్వరం విడిచింది అని నా గుండె తేలికైంది. పోచమ్మకు దండం పెట్టుకుని పొయ్యి అంటించాను. ఎంత తెలివితక్కువదాన్నో ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆయన బరువు మోసుకొచ్చిన మనిషిలా ఎగపోస్తున్నాడు. రాత్రి నుంచి మూత్రానికి లేవలేదు. కంపౌండరు చెప్పిన మూడు మాటల్లో రెండు నా కళ్ల ముందే ఉన్నాయి. మూడోది కూడా ఆ ఘడియలోనే వచ్చింది.

"ఎడ్లకు నీళ్లు పెట్టిండ్రా?" అన్నాడు.

"పెట్టిన."

"ఎడ్లకు నీళ్లు పెట్టిండ్రా?" మళ్లీ అన్నాడు. నా ముఖం వైపే చూస్తున్నాడు, నన్ను చూస్తున్నట్టు లేదు.

చెమట తుడుద్దామని అంగీ పైకెత్తాను. పొట్ట మీద, తొడల మీద మచ్చలు. కొన్ని ఆవగింజంత, కొన్ని కందిగింజంత, నేరేడు పండు రంగు. అది ఎండలు ముదిరే కాలం, తల్లి తిరిగే కాలం. పక్క ఊళ్లో అప్పటికే రెండిళ్లకు పోసింది. ఇంక నాకు వేరే ఆలోచన రాలేదు.

నా భయం వెనక ఒక కథ ఉంది. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా తమ్ముడికి తల్లి పోసింది. మూడో రోజు మా నాయిన పట్నం నుంచి ఎవరినో పిలిపించి సూది వేయించాడు. ఆ సాయంత్రమే తమ్ముడు పోయాడు. వాడు ఎలాగూ పోయేవాడేనేమో, ఇప్పుడు అనుకుంటాను. మా అమ్మ మాత్రం బతికినంత కాలం ఒకటే మాట, "తల్లి ఒంట్లున్నప్పుడు సూది పొడిపిచ్చి పిల్లగాన్ని చంపుకున్న." ఆ మాట తిన్న అన్నంలా నా ఒంటికి పట్టింది. తల్లి వచ్చిన ఒంటిని ఇనుముతో తాకరాదు. నాకు అంతే తెలుసు.

వేపమండలు విరిచి గుమ్మానికి కట్టాను. మంచం మీద వేపాకు పరిచాను. పొయ్యి మీద పోపు గిన్నె దించేశాను, తల్లి ఉన్న ఇంట్లో పోపు వాసన రాకూడదు. ఆయన పక్కన కూర్చుని, కట్టుకున్న మొగుడినే పట్టుకుని "తల్లీ, సల్లగుండు తల్లీ, మా తప్పులుంటె కాయి" అని మొక్కాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

కంపౌండరు సైకిల్ గంట వినబడింది. నేను గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను.

"తల్లి పోసింది. లోపలికి రావొద్దు."

ఆయన ముఖం మారిపోయింది. "తల్లా? ఎక్కడ పోసింది చెల్లే? మొఖం మీదనా?"

"ఎక్కడ పోస్తె నీకెందుకు? సూది లేదు ఏం లేదు, పో."

"లోపలికి రాను. గీ గడప బయటనే నిల్సుంట. జర అంగీ లేపి సూపియ్యి, ఒక్కపారి సూసి పోత. గది తల్లి కాకపోతె మనిషి దక్కడు చెల్లే."

దక్కడు అన్న మాట విని నాకు పిచ్చికోపం వచ్చింది. తల్లి ఉన్న ఇంటి ముందు నిలబడి చావు మాటా! "నీ నోట్ల మన్ను పడ! నీ సూదులతోనే తల్లికి కోపమొచ్చింది. మల్ల గీ గడప దిక్కు సూస్తె కాళ్లు ఇరగ్గొడత!" వీధి వీధంతా వినేట్టు అరిచాను. ఇంకా ఏమేమి అన్నానో, రాయలేను. ఆయన సైకిల్ తిప్పుకుని పోయాడు. సాయంత్రం మళ్లీ వచ్చాడు. అన్ని తిట్లు తిన్న మనిషి మళ్లీ రావడం ఎంత పెద్ద సంగతో అప్పుడు నా బుర్రకెక్కలేదు. చీపురు పట్టుకుని బయటికొచ్చాను. పోయాడు.

ఆ గంట చప్పుడు మంచంలో ఉన్న మా ఆయన విన్నాడు. అంతసేపూ ఎడ్ల మాటలు మాట్లాడినవాడు ఉన్నట్టుండి తేటగా అడిగాడు. "కంపౌండరు రాలేదా?"

"రాడు" అన్నాను. "తల్లే సూసుకుంటది."

ఆయన గోడ వైపు తిరిగాడు.

మరునాడు మధ్యాహ్నం మా అత్త వచ్చింది. సడక్ మీద బస్సు దిగి, ఎండలో నడిచొచ్చింది. పురిటింటి నుంచి వస్తోంది, ఆ అంటుతో తల్లి ఉన్న ఇంట్లో కాలు పెడితే మహాపచారం. నేను గుమ్మంలోనే చేతులు అడ్డం పెట్టాను.

"అత్తా, రాకు! తల్లి పోసింది. నువ్వు అంటుతోని ఉన్నవు."

"ఎవనికి పోసింది?"

"నీ కొడుక్కే."

మా అత్త వేపమండలు చూసింది, నన్ను చూసింది. "జరుగు" అన్నది. నేను జరగలేదు. నా రెక్క పట్టుకుని పక్కకు లాగి లోపలికి పోయింది. నేరుగా కొడుకు అంగీ ఎత్తింది. మచ్చలు అప్పటికి చేతుల మీదికీ వచ్చాయి, కొన్ని రూపాయి బిళ్ళంత అయ్యాయి. ఆమె బొటనవేలితో ఒక మచ్చ మీద రాసింది. ఇంకోదాని మీద రాసింది. కళ్లు మూసుకుని మళ్లీ రాసింది. తర్వాత నా చెయ్యి గుంజి నా బొటనవేలు తీసుకుని ఆ మచ్చల మీద నడిపించింది.

"తగుల్తాందా?"

తగలలేదు. నున్నటి చర్మం.

"తల్లి వేలికి తగుల్తది పిల్లా. తోలు కింద ఆవాలు పోసినట్టు తగుల్తది. మొదలు మొఖం మీద కూసుంటది, పొట్ట మీద కాదు. నాకు తెల్వదా?" తన ముఖం మీది గుంటలు చూపించింది. "గిది తల్లి కాదు. గిది లోపల నెత్తురు పాడైంది."

"గట్లెట్ల..." అన్నాను.

ఆమె కొడుకు తల పక్కకు తిప్పి, ఎడమ చెవి వెనక జుట్టు పాయ తీసింది. "వీనికి మూడేండ్లప్పుడే తల్లి పోసి పోయింది. ఇగో, రెండే రెండు ఇడిచింది. ఒకసారి పోసినోనికి మల్ల పోస్తదా? మూడేండ్ల సంసారం చేస్తివి, గీ గుంటలు సూడలేదా నువ్వు?"

చూశాను. నూనె పెట్టాను, నవ్వాను. కోడి పొడిచిందంటే నమ్మాను. మంచం కోడు పట్టుకుని కింద కూలబడ్డాను. మా అత్త నన్ను లేపలేదు. గుమ్మానికి కట్టిన మండలు పీకి వాకిట్లోకి విసిరేసి, పక్కింటి మామను బండి కట్టమని కేక వేసింది.

మామ మమ్మల్ని సడక్ దాకా తెచ్చి బస్సెక్కించి, ఎడ్లతో వెనక్కి పోయాడు. పాలమూరు దవాఖాన చేరేసరికి పొద్దు వాలింది. డాక్టరు ఒక మచ్చను వేలితో నొక్కి చూశాడు, గోళ్లు చూశాడు, నాడి పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"సూదులు ఎన్ని పడ్డాయి?"

"రెండు దినాలు" అన్నది మా అత్త.

"ఎందుకు ఆపిండ్రు?"

నేను నోరు తెరిచాను. నా నోరు, ఎప్పుడూ ఆగని నోరు, పెగల్లేదు. మా అత్త నా ముందుకు వచ్చి నిలబడింది. "మాకు తెల్వక ఆపినం సారూ" అన్నది. ఆపినం అన్నది. ఆమె అసలు ఊళ్లోనే లేదు.

సెలైన్ సీసా కట్టారు, సూదుల మీద సూదులు వేశారు. ఒక పెద్ద నర్సమ్మ నన్ను వరండాలో కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. పుండు కాలికే ఉంటే కాలు ఒక్కటే చెడుతుందట. విషపు క్రిములు నెత్తురులో పడితే నెత్తురు పోయే ప్రతి చోటికీ పోతాయట. గుండె, మూత్రపిండాలు, మెదడు, అన్నీ ఒక్కసారే తడబడతాయట. ఒళ్లు చల్లబడింది జ్వరం తగ్గి కాదు, లోపలి బలం అయిపోయి. ఆ మచ్చలు సన్నటి నరాల్లోంచి కారిన నెత్తురు. "సూదులు ఆపకుంటె బతుకుతుండెనా?" అని అడిగాను. ఆమె అబద్ధం చెప్పలేదు. "చెప్పలేనమ్మా. బతికినోళ్లున్నరు, బతకనోళ్లున్నరు" అన్నది. అవునంటే ఏడ్చి చచ్చేదాన్ని, కాదంటే కొంత నిద్రపోయేదాన్ని. ఆమె చెప్పిన మాట ఇప్పటికీ నన్ను రెండు వైపులా లాగుతుంది.

మరుసటి రోజు పొద్దు బారెడెక్కాక ఆయన పోయాడు. ఆ పొద్దున నన్ను గుర్తుపట్టలేదు. వాళ్లమ్మను గుర్తుపట్టాడు.

ఒక లారీ ఆయన దయతలిచి ఊరిదాకా తెస్తానన్నాడు. వెనక శవం పక్కన మేమిద్దరమే. సగం దారి దాటాక మా అత్త మొదటిసారి నా వైపు చూసింది. "నేను చెప్పిందాకా నువ్వు నోరు తెరవకు" అన్నది.

వాకిట్లో ఊరంతా గుమిగూడింది. అందరి కళ్లూ శవం మీద కంటే నా మీదే ఉన్నాయి. కంపౌండరును నేను తరిమిన సంగతి అందరికీ తెలుసు. తల్లి అయితే నేను చేసింది ధర్మం. తల్లి కాకపోతే నేను మొగుణ్ని చంపుకున్నదాన్ని. మా అత్త లారీ దిగి, కొంగు నడుముకు చెక్కి, అందరికీ వినబడేట్టు చెప్పింది.

"పోచమ్మ తల్లి తీసుకపోయింది. ఎవ్వరు ఏడ్వొద్దు."

మా దిక్కు ఆచారం అది. తల్లి తీసుకుపోయిన మనిషి కోసం నోరు తెరిచి ఏడవకూడదు, శోకం పెట్టకూడదు. ఏడిస్తే తల్లిని తిట్టినట్టు. ఒక్క కొడుకు. మా ఊళ్లో ఎవరింట్లో చావైనా శోకం ఎత్తుకోవడానికి మా అత్తనే పిలిచేవాళ్లు, ఆమె గొంతు విని ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఏడ్చేవాళ్లు. ఆమె కొడుకును చప్పుడు లేకుండా మట్టిలో పెట్టింది. ఆ పూట ఆమె గొంతులోంచి ఒక్క రాగం బయటికి రాలేదు.

మూడో రోజు కంపౌండరు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. నేను తలుపు వెనక ఉన్నాను. "తల్లేనా అవ్వా?" అని అడిగాడు. "తల్లే నాయినా" అన్నది మా అత్త. ఆయన తలుపు సందులో కనబడుతున్న నా కొంగు వైపు ఒకసారి చూశాడు. తల వంచుకుని సైకిల్ ఎక్కాడు. ఆయన కాళ్లు పట్టుకోవాలని ఉండింది నాకు. పట్టుకుంటే మా అత్త అబద్ధం బయటపడుతుంది. తలుపు వెనకే ఉండిపోయాను.

ఏడాది తిరిగాక చెలక పాలివాళ్లకు వదిలి పాలమూరు చేరాం. ఆ నర్సమ్మ పుణ్యాన దవాఖానలో ఆయాగా పెట్టుకున్నారు. మా నాయిన నేర్పిన అక్షరాలుండటంతో తర్వాత మంత్రసాని పని శిక్షణకు కూడా పంపారు. ఒక అర్ర కిరాయికి తీసుకున్నాం. మా అత్త వండిపెట్టేది, నేను వార్డుకు పోయేదాన్ని. మా ఇద్దరి మధ్య ఆయన మాట వచ్చేది కాదు. ప్రతి ఆషాఢంలో మాత్రం ఆమె పోచమ్మకు బోనం ఎత్తేది. మామూలు బోనం కంటే పెద్ద కుండ, రెండు వేపమండలు ఎక్కువ. ఒక ఏడు ఉండబట్టలేక అడిగేశాను.

"నీ కొడుకును తీసుకపోనిదానికి గింత పెద్ద బోనమెందుకు అత్తా?"

"సెయ్యని పనికి నింద ఏసిన గదనే" అన్నది. కుండకు సున్నం పూస్తూనే ఉంది. "ఆమె దేవత, మోస్తది. నువ్వు మోస్తుంటివా?"

నేను బయటికి పోయి నీళ్లు తోడుకుంటూ కూర్చున్నాను.

వార్డులో నేను ఒక పిచ్చిదానిలా అయ్యాను. పుండుతో ఎవరొచ్చినా ముందు ఊపిరి చూసేదాన్ని. మూత్రం ఎప్పుడు పోశాడని అడిగేదాన్ని. ఒళ్లు చల్లబడిందని చుట్టాలు సంతోషపడితే వాళ్ల మీద కేకలు వేసి డాక్టరు దగ్గరికి పరుగెత్తేదాన్ని. "ఆయమ్మకు నోరు జాస్తి" అని అక్కడా పేరొచ్చింది. రానీ అనుకున్నాను.

ఆయన పోయిన ఆరో ఏడు, దేవరకొండ వైపు నుంచి ఒక పడుచువాణ్ని తెచ్చారు. కాలికి తుమ్మముల్లు దిగి వారం. రెండు సూదులు పడ్డాక మూడో పూట తొడల మీద మచ్చలు లేచాయి, అదే రంగు. వాళ్లమ్మ కొంగులో వేపాకు ముడేసుకుని వచ్చింది. సూది పట్టుకున్న నర్సు చెయ్యి పట్టేసుకుంది. "తల్లి పోసింది, పొడువొద్దు, ఇంటికి తీసుకపోత" అని నెత్తీ నోరూ కొట్టుకుంటోంది. నర్సు చిన్నపిల్ల, బెదిరిపోయింది. నేను పోయి వాళ్లమ్మ చెయ్యి పట్టుకున్నాను. తిట్టలేదు. నా నోరు ఎక్కడ పోయిందో గానీ ఒక్క తిట్టూ రాలేదు. ఆమె బొటనవేలు తీసుకుని కొడుకు మచ్చల మీద మెల్లగా నడిపించాను.

"తగుల్తాందా అక్కా?"

ఆమె మళ్లీ మళ్లీ రాసి చూసుకుంది. "తగుల్తలేదు" అన్నది.

"తల్లైతె తగుల్తది. గిది నెత్తుర్ల విషం. సూది ఆపితె దక్కడు."

కంపౌండరు నాకు చెప్పిన మాటే. ఆమె నా ముఖంలోకి చూసి చెయ్యి వదిలింది. పన్నెండు రోజులు పట్టింది. రెండు కాలివేళ్లు పోయాయి. పదమూడో రోజు ఆ పిల్లవాడు కట్టె పట్టుకుని నడిచి, బండెక్కి ఇంటికి పోయాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా అత్త వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను ఆమె ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. ముల్లు, మచ్చలు, ఆ పిల్లవాడి అమ్మ బొటనవేలు. ఆమె చేట మీది కళ్లు ఎత్తలేదు.

"సూది ఆపలేదా?" అన్నది.

"ఆపలేదు."

"బతికిండా?"

"బతికిండు. నడుసుకుంట పోయిండు."

చేటలో చెయ్యి ఆగింది. తర్వాత ఆమె గొంతులోంచి సన్నగా ఒక రాగం లేచింది. "నా కొడుకో... నా సిన్ని తండ్రో... చెప్పు లేకపాయెనా కొడుకో, నీ కాలికి చెప్పు లేకపాయెనా..." చేట ఒళ్లోంచి జారి బియ్యం చెల్లాచెదురైంది. గుండె మీద కొట్టుకుంటూ, ముందుకూ వెనక్కూ ఊగుతూ, చిన్నప్పటి నుంచి ఆయన చేసిన పనులన్నీ వరుసపెట్టి పాడుతూ ఏడ్చింది. ఆరేళ్లుగా లోపల కట్టిపెట్టుకున్న శోకం. నేను ఆమెను పట్టుకున్నాను, ఆమె నన్ను తోసెయ్యలేదు. నేనూ నోరు తెరిచి ఏడ్చాను.

చప్పుడుకు ఎదురింటి ఆమె చేతి తడి తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. మా అర్రలోకి తొంగిచూసింది, అక్కడ ఎవరూ లేరు.

"అయ్యో, ఎవరు పోయిండ్రు?"

"ఈమె కొడుకు. నా పెనిమిటి."

"ఎట్ల పోయిండు?"

"కాలికి ఆముదం మోడు గుచ్చుకొని పోయిండు. సూదులు ఏస్తాంటె నేనే ఆపిచ్చిన."

ఆ మాట బయటివాళ్ల ముందు అనడం అదే మొదటిసారి. మా అత్త ఏడుపు మధ్యలోనే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎప్పుడు పోయిండు?" అన్నది ఎదురింటామె.

"ఆరేండ్లయింది."

ఆమె వచ్చి మా అత్త పక్కన కూర్చుని, కింద పడ్డ బియ్యం ఒక్కొక్కటే చేటలోకి ఏరసాగింది.